చిల్లకంప బీడుకు ట్రాక్టర్ రూట్ రేక్: కొనేముందు, చేయించేముందు చూసుకోవలసినవి

బీళ్ళను కమ్మేసే ఈ ముళ్ళ చెట్టును మా కనిగిరి వైపు చిల్లకంప అంటాం. తెలంగాణలో సర్కారు తుమ్మ, ఇంకొన్ని చోట్ల ఇంగ్లీషు తుమ్మ. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. మెట్ట ప్రాంతంలో వంటచెరకు దొరుకుతుందని తెప్పించినవాళ్ళ ఆలోచన. వంటచెరకు దొరికింది, కాదనలేం. దాంతోపాటు బోరు ఎండిపోయి రెండేళ్ళు దున్నకుండా వదిలేసిన ప్రతి చేనూ దాని పాలైంది.

అలాంటి బీడును మళ్ళీ సాగులోకి తెచ్చుకోవాలనుకునేవాళ్ళు ఈమధ్య ఫోన్‌లో వీడియోలు చూసి రూట్ రేక్ గురించి అడుగుతున్నారు. విదేశాల్లో ట్రాక్టరుకు తగిలించి లాగుతుంటే వేర్లు దువ్వెనకు చిక్కిన జుట్టులా వచ్చేస్తుంటాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ వీడియోలో కనపడని సంగతి ఒకటుంది. రేక్ దిగేసరికి అక్కడ చెట్లు అప్పటికే పెకిలించి ఉంటాయి.

ఎడ్ల దంతె తెలిసినవాళ్ళకు రూట్ రేక్ కొత్తేమీ కాదు. బలమైన అడ్డ దూలం, దానికి వరుసగా ముందుకు వంపు తిరిగిన ఇనుప పళ్ళు. నేల మీద, రెండు మూడు అంగుళాల లోతులో వదులుగా ఉన్న వేర్లను, మోళ్ళను, కంపను దువ్వి ఒకచోటికి చేరుస్తుంది. మట్టి పళ్ళ సందుల్లోంచి కిందికి జారిపోతుంది. డోజర్ బ్లేడుకీ దీనికీ తేడా అక్కడే ఉంది. బ్లేడుతో తోస్తే కంపతోపాటు ఎన్నో ఏళ్ళుగా పోగైన పైమట్టి కూడా గట్టుకు పోతుంది. కుప్ప తగలబెట్టాక గట్టు మీద గడ్డి ఏపుగా పెరుగుతుంది, చేలో వేసిన కంది మాత్రం పసుపు రంగుకు తిరుగుతుంది. రేక్ పనికొచ్చేది ముఖ్యంగా ఈ మట్టిని చేలోనే ఉంచడానికి. చెట్టు పీకే పని దానిది కాదు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుని ఎంచుకుంటే సగం తప్పులు తప్పిపోతాయి.

మొదటి పని: గడ్డపారతో ఒక చెట్టు తవ్వి చూడండి

షాపుకు వెళ్ళేముందు చేలోకి వెళ్ళండి. మధ్యరకం చెట్టు ఒకటి, మొదలు మణికట్టంత లావున్నది చూసుకుని చుట్టూ మూరెడు లోతు తవ్వండి. నేలకు కొద్దిగా కింద మొదలు ఉబ్బి, గడ్డలా కనిపిస్తుంది. చిల్లకంప మళ్ళీ చిగురించేది ప్రధానంగా ఆ గడ్డ మీదున్న మొగ్గల నుంచే. నేలమట్టానికి నరికితే ఒక కొమ్మ పోయి పది కొమ్మలు వస్తాయి. ఆ గడ్డకు కింద, అంటే దాదాపు 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతున వేరు తెగితేనే ఆ చెట్టు పీడ విరగడవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 45 హెచ్‌పీ ట్రాక్టరు ఆరడుగుల రేక్‌ను 30 సెంటీమీటర్ల లోతుకు దించి, అన్ని పళ్ళూ ఒకేసారి వేర్లకు తగిలేలా లాగలేదు. టైర్లు తిరుగుతాయి, లేదంటే ముందు చక్రాలు పైకి లేస్తాయి. కాబట్టి మొదలు మణికట్టు కంటే లావున్న చెట్లు ఎకరానికి పదులకొద్దీ ఉంటే ముందు జేసీబీ రావాల్సిందే. పళ్ళున్న బకెట్‌తో గడ్డతో సహా తిప్పి పడేస్తుంది. వేలి లావు మొక్కలు, ఒకటి రెండేళ్ళవి అయితే ట్రాక్టరుకు సబ్‌సాయిలర్ (నేలను లోతుగా చీల్చే నాగలి) కట్టి అడ్డంగా నిలువుగా రెండుసార్లు దున్నితే చాలావరకు తెగుతాయి. ఈ రెండింట్లో ఏది చేసినా తర్వాత ఏరే పని రేక్‌ది.

తవ్వేటప్పుడే ఇంకో మూడు సంగతులు చూసి రాసుకోండి. నేల నల్లరేగడా, ఎర్ర చల్కా? రాళ్ళెంత సైజున్నాయి? చిల్లకంప కాక ఇంకేమున్నాయి? రేగు కంప, తంగేడు ఉంటే రేక్‌కు ఇబ్బంది లేదు. తుంగ, దర్భ ఎక్కువగా ఉంటే రేక్ వల్ల ఒరిగేదేమీ లేదు, వాటి సంగతి వేరే చూసుకోవాలి. వేప, చింత లాంటి చెట్లుంటే వాటి జోలికి పోకుండా ముందు అటవీ శాఖ ఆఫీసులో కనుక్కోండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం సొంత పొలంలోనైనా చెట్లు కొట్టడానికి అనుమతి వ్యవహారం ఉంటుంది.

బొగ్గు బట్టీల వాళ్ళకు కర్ర అమ్ముకుంటే కొంత ఖర్చు కలిసొస్తుంది. అయితే వాళ్ళు ప్రతి అంగుళం కర్రా తీసుకోవాలని నేలకు ఆనించి నరుకుతారు. ఒప్పుకోవద్దు. రెండు మూడడుగుల మోడు వదలమని ముందే మాట్లాడుకోండి. ఆ మోడు ఉంటే జేసీబీ బకెట్‌కు పట్టు దొరుకుతుంది, ఒక్క తోపుతో గడ్డ బయటికొస్తుంది. లేకపోతే ప్రతి మొదలు చుట్టూ తవ్వుకుంటూ కూర్చోవాలి, గంటల మీటరు తిరుగుతూనే ఉంటుంది.

రెండో పని: ముందు తగిలించేదా, వెనక లాగేదా

ముళ్ళ కంపకు సిద్ధాంతం ప్రకారం ముందు రేకే మంచిది. ట్రాక్టరు కంటే ముందు రేక్ వెళ్తుంది కాబట్టి ముళ్ళను టైర్లు తొక్కవు. వెనక రేక్ అయితే ట్రాక్టరు ముందు కంప మీద నడిచి తర్వాత దాన్ని ఏరుతుంది. చిల్లకంప ముల్లు ఎండితే మేకులా ఉంటుంది, పంక్చర్ల షాపువాడు మనల్ని పేరు పెట్టి పిలిచే రోజులొస్తాయి.

కానీ మన దగ్గరున్నవి ఎక్కువగా టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లు. వాటి ముందు యాక్సిల్ తోసే పనికి చేసింది కాదు. లోడర్ (ముందు బరువు ఎత్తే చేతులు) బిగించి, దానికి రేక్ పెట్టి, భూమిలో పాతుకున్న మోడును గుద్దితే యాక్సిల్ పిన్నులు, బుష్‌లు, స్టీరింగ్ రాడ్లు అన్నీ దెబ్బతింటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు, దానికి సరైన సబ్‌ఫ్రేమ్‌తో బిగించిన లోడర్ ఉంటే ముందు రేక్ తీసుకోండి, వెనక బరువు కట్టడం మరిచిపోకండి. హైడ్రాలిక్ దవడతో పట్టుకుని ఎత్తే గ్రాపుల్ రకం ఇంకా హాయి. కుప్ప వేయడానికి, ట్రక్కులోకి ఎత్తడానికి దాన్ని మించింది లేదు. ఖర్చు కూడా అలాగే ఉంటుంది. ఏడాది పొడుగునా ఇదే కాంట్రాక్టు పని చేసేవాళ్ళకు తప్ప రైతుకు గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

టూ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్ళకు వెనక రేకే దారి. టైర్ల సమస్యకు మందు ఏమిటంటే, పైకంపను ముందే కూలీలతో నరికించి పక్కకు లాగేయడం, ఆ పనికి అరిగిన పాత టైర్లు వాడుకోవడం. కొందరు వెనక రేక్‌ను తిప్పి పెట్టి రివర్సులో తోస్తారు. త్రీ పాయింట్ లింకేజీ, అంటే ట్రాక్టరు వెనక పనిముట్టు తగిలించే మూడు చేతుల అమరిక (కింద రెండు లోయర్ లింకులు, పైన ఒక టాప్ లింక్), లాగడానికి చేసింది. రివర్సులో మోడుకు గుద్దుకుంటే లోయర్ లింకులు వంగుతాయి. తేలిక కంపను జరపడానికి సరే, వేర్లకు మాత్రం వద్దు.

వెనక తగిలించేవాటిలోనూ రెండు రకాలు. స్ప్రింగులా సన్నగా, దగ్గరదగ్గరగా పళ్ళుండేది ఒకటి. అది తోటల్లో, లాన్లలో రాళ్ళూ చెత్తా దువ్వడానికి. ధర తక్కువ కదా అని అది తెచ్చుకుంటే చిల్లకంప వేరు దెబ్బకు పళ్ళు విచ్చుకుని దాని ఆకారమే మారిపోతుంది. మనకు కావలసింది మందపాటి ప్లేటుతో, వంగని పళ్ళున్నది.

మూడో పని: మీ ట్రాక్టరు మోయగలదా

వెడల్పు దగ్గర ఆశ పనికిరాదు. 45 నుంచి 50 హెచ్‌పీ ట్రాక్టరుకు వెనక టైర్ల బయటి అంచుల మధ్య దూరం టేపుతో కొలవండి, దాదాపు ఆరడుగులు ఉంటుంది. రేక్ అంతే ఉంటే చాలు. వేర్లు లావుగా, నేల గట్టిగా ఉంటే ఐదడుగులకు దిగండి. వెడల్పు ఎనిమిదడుగులైతే పని త్వరగా అవుతుందనుకుంటాం గానీ, ప్రతి పది గజాలకూ ఎత్తి దించుతూ ఉంటే ఆ లాభం గాలికి పోతుంది.

రేక్‌ను లింకేజీకి తగిలించే పిన్నులు చూడండి, ఆ లింకేజీ సైజునే కేటగిరీ అంటారు. కేటగిరీ 1 లింకేజీకి కింది పిన్ను 22 మి.మీ., టాప్ లింక్ పిన్ను 19 మి.మీ. కేటగిరీ 2కు 28, 25 మి.మీ. మీ ట్రాక్టరు ఏదో కొలిచి చూసుకుని అదే తీసుకోండి. పెద్ద రంధ్రంలో చిన్న పిన్ను వేసి లాగితే లొడలొడలాడి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. తప్పదనుకుంటే సరైన బుష్ వేయించండి.

బరువు లెక్క కాస్త ఓపిగ్గా చూడాలి. కంపెనీ పుస్తకంలో రాసిన లిఫ్ట్ సామర్థ్యం లోయర్ లింకుల చివర దగ్గరిది. రేక్, దానికి చిక్కిన వేర్లు అంతకంటే వెనక వేలాడతాయి. ఒక ఉదాహరణ వేసుకుందాం. ట్రాక్టరు 2,000 కిలోలు, అందులో ముందు చక్రాల మీద 700 కిలోలు, రెండు యాక్సిళ్ళ మధ్య 2 మీటర్లు. రేక్ 300 కిలోలు, దాని బరువు వెనక యాక్సిల్‌కు 1.2 మీటర్ల వెనక పడుతుందనుకోండి. 300ను 1.2తో గుణించి 2తో భాగిస్తే 180. రేక్ ఎత్తగానే ముందు చక్రాల మీద 180 కిలోలు తగ్గి 520 మిగులుతుంది. పళ్ళకు బురద, వేర్లు కలిపి ఇంకో 200 కిలోలు పట్టుకుంటే మరో 120 తగ్గుతుంది. మిగిలేది 400. ట్రాక్టరు బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉండాలన్నది లెక్క, అంటే సరిగ్గా 400. ఇది చదును నేల మీద, నిలబెట్టినప్పుడు. గట్టు ఎక్కుతున్నప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ముందు బరువులు బిగించుకోవడం అందుకే. పోగైన కంపను ఎత్తి మోసుకెళ్ళకుండా నేల మీదే లాక్కెళ్ళాలనడం కూడా అందుకే.

నాలుగో పని: పళ్ళు

రేక్ మంచిచెడ్డలన్నీ పళ్ళలోనే. ముందు సందు సంగతి. పళ్ళ మధ్య 6 నుంచి 8 అంగుళాలు చిల్లకంపకు సరిపోతాయి. ఎర్ర చల్కాలో 6 పెట్టుకోవచ్చు, మట్టి సులువుగా రాలిపోతుంది. నల్లరేగడిలో 8కి తగ్గవద్దు, గడ్డలు పళ్ళ మధ్య ఇరుక్కుని రేక్ కాస్తా బ్లేడైపోతుంది. అప్పుడు మళ్ళీ పైమట్టి గట్టుకే పోతుంది, అంత ఖర్చు పెట్టి రేక్ తెచ్చిందెందుకు? సన్నవేర్లు సందుల్లోంచి జారిపోతాయని బెంగ వద్దు. గడ్డ బయటికొచ్చాక మిగిలిన సన్నవేరు నేలలో కుళ్ళిపోతుంది, తర్వాత గొర్రు తోలితే పైకి తేలుతుంది.

పంటి పొడవు దూలం కింద అడుగుకు తగ్గకూడదు. పొట్టి పళ్ళయితే కంప దూలానికి తగిలి, దాని మీదుగా వెనక్కి పొర్లిపోతుంది. వంపు అరచేతిని కొద్దిగా ముడిచినట్టు ఉండాలి. మరీ కొక్కెంలా వంగితే వేరు తగులుకుని వదలదు, ప్రతిసారీ కిందికి దిగి గొడ్డలి పట్టుకోవాలి. మందం 45 హెచ్‌పీకి 16 మి.మీ. ప్లేటు తీసుకోండి. 10, 12 మి.మీ. ప్లేటు తేలిక పనికి సరిపోతుంది, మోడు తగిలితే పక్కకు వంగుతుంది. మొన పక్కకు ఒంగిందంటే పక్క పంటితో సందు మారిపోయి అక్కడే మోడు ఇరుక్కుంటుంది.

ఇక ఉక్కు. ఇక్కడ నేను దెబ్బ తిన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతా. మొదటి రేక్‌ను ఒక వెల్డింగ్ షాపులో లారీ కమాను పట్టీలతో చేయించాను. కమాను పట్టీ అంటే స్ప్రింగ్ ఉక్కు, వంగినా మళ్ళీ యథాస్థానానికి వస్తుంది, ఇంతకంటే గట్టిది ఏముంటుందనుకున్నాను. "బాబాయ్, వెల్డింగ్ నిలబడుతుందా?" అని అడిగితే, "లారీ లోడు మోసిన పట్టీ అబ్బాయ్, నీ కంప ఒక లెక్కా" అన్నాడు. చేలోకి దించిన గంటలోపే మూడో పన్ను టప్పుమంది. వంగలేదు, చిట్లింది. వెల్డింగ్‌కు వేలెడు పక్కనే, కొబ్బరిచిప్ప పగిలినట్టు. విరిగిన ముఖం చూస్తే బూడిదరంగులో మెరుస్తూ, పంచదార పలుకుల్లా గరుకుగా ఉంది. సాయంత్రానికి ఇంకో రెండు పోయాయి.

తప్పు పట్టీది కాదు, అతికించిన తీరుది. స్ప్రింగ్ ఉక్కులో కార్బన్ ఎక్కువ. మామూలుగా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన లోహం ఒక్కసారిగా వేడెక్కి వెంటనే చల్లారి, గాజులా పెళుసుబారుతుంది. ముందుగా వేడి చేసి, తేమ తగలని లో హైడ్రోజన్ రాడ్లతో అతికి, బూడిదలోనో ఇసుకలోనో కప్పి నిదానంగా చల్లార్చాలి. అంత ఓపిక ఎవరికీ ఉండదు. నా రెండో రేక్‌కు పళ్ళను అసలు వెల్డింగ్ చేయించలేదు. దూలానికి మెత్తటి ఉక్కు చెంపలు వెల్డింగ్ చేయించి, వాటి మధ్య పంటిని రెండు బోల్టులతో బిగించాం. పై బోల్టు గట్టిది, కింది బోల్టు మామూలుది. పెద్ద మోడు తగిలితే కింది బోల్టు తెగి పన్ను వెనక్కి తిరుగుతుంది, దూలానికి దెబ్బ ఉండదు. జేబులో పది బోల్టులు, ఒక స్పానర్ ఉంటే పది నిమిషాల పని. రెడీమేడ్ కొన్నా ఇదే చూడండి: పళ్ళు విడిగా మార్చుకునేలా ఉన్నాయా, విడి పన్ను అమ్ముతారా? లేదంటే దాని బదులు ఇంకొకటి చూసుకోవడం మేలు.

దూలం నాలుగంగుళాల చదరపు పైపు, గోడ మందం 6 మి.మీ.కి తక్కువ కాకుండా. టాప్ లింక్ తగిలే నిలువు కమ్మీ నుంచి దూలం వెనక అంచుకు రెండు ఏటవాలు ఊతలు ఉన్నాయో లేదో చూడండి. లాగుడు బలమంతా అక్కడే పడుతుంది.

ఐదో పని: కొనాలా, అద్దెకా

మూడు నాలుగెకరాలైతే కొనొద్దు. జేసీబీ వచ్చినప్పుడే ఇంకో రెండు మూడు గంటలు ఉంచి పళ్ళ బకెట్‌తో కుప్పలు వేయించుకుని, మిగిలింది కూలీలతో ఏరించండి. అంతకంటే ఎక్కువైతే లెక్క వేసుకోండి. రేక్‌కు 60,000 రూపాయలనుకుందాం. కూలీలతో ఏరిస్తే ఎకరానికి 6,000, రేక్‌తో డీజిలు, డ్రైవరు కలిపి 2,500 అనుకుంటే ఎకరానికి మిగిలేది 3,500. 60,000ను 3,500తో భాగిస్తే 17 చిల్లర. అంటే 17 ఎకరాలు దాటితేగానీ పెట్టుబడి వెనక్కి రాదు. ఇవి లెక్క చూపడానికి వేసుకున్న అంకెలే, మీ ఊరి ధరలు పెట్టి చూసుకోండి. పక్క పొలాల వాళ్ళు నలుగురు కలిస్తే ఈ లెక్క మారిపోతుంది.

ఆరో పని: చేలోకి దించే రోజు

అదను ముఖ్యం. రోహిణి కార్తెలోనో మృగశిరలోనో ఒక మంచి వాన పడి, చల్కా అయితే రెండు మూడు రోజులు, నల్లరేగడి అయితే ఇంకొన్ని రోజులు ఆరాక దిగండి. పిడికెడు మట్టి పిసికితే ముద్దవ్వాలి, కిందికి వదిలితే విరిగిపోవాలి. ఎండు రేగడిలో పళ్ళు దిగవు, తడి రేగడిలో దిగినవి బయటికి రావు.

రేడియేటర్ ముందు సన్న జాలీ కట్టండి. బండి కింద డీజిల్ పైపులు, ఫిల్టర్, హైడ్రాలిక్ గొట్టాలు ఎక్కడ వేలాడుతున్నాయో పడుకుని చూసి, ఒక ఇనుప రేకు కప్పించండి. లేచిన మోడు తిన్నగా అక్కడికే వస్తుంది. పీటీఓ షాఫ్ట్ (ఇంజను శక్తిని వెనక పనిముట్టుకు అందించే తిరిగే కడ్డీ) తీసేయండి. డ్రైవరుకు బూట్లు ఉండాల్సిందే, చెప్పులతో ఈ పని కాదు.

పళ్ళు రెండు మూడంగుళాలే దిగేలా పొజిషన్ కంట్రోల్ లివర్ (పనిముట్టు ఎంత ఎత్తులో ఉండాలో నిలబెట్టేది) పెట్టుకుని లో గేరులో, మనిషి నడక వేగంతో లాగండి. వాలుకు అడ్డంగా వరుసలు వేయండి, వాన పడ్డా మట్టి కొట్టుకుపోదు. వరుస బరువైనప్పుడు రేక్ ఎత్తి కుప్ప దాటి, ఖాళీ నేల మీద మళ్ళీ దించండి.

ఒక ప్రమాదాన్ని ఊళ్ళో చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తెగని వేరుకు పళ్ళు తగులుకున్నప్పుడు డ్రైవరు క్లచ్ ఠక్కున వదిలి యాక్సిలరేటర్ తొక్కితే, వెనక చక్రం తిరగలేక బండే చక్రం చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికి వెనక్కి పడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. బండి ముందుకు కదలకపోతే ఆపేయండి, రేక్ ఎత్తండి, వెనక్కి వచ్చి పక్కనుంచి పట్టండి. మోడుకు గొలుసు కట్టి లాగాల్సి వస్తే కింద ఉండే లాగుడు కమ్మీ, అంటే డ్రాబార్‌కే కట్టాలి. టాప్ లింక్‌కు గానీ యాక్సిల్‌కు గానీ కట్టడం బండిని మీదికి పిలుచుకోవడమే. రోల్ బార్ (బండి బోల్తాపడితే డ్రైవరును కాపాడే ఇనుప కమాను) ఉన్న ట్రాక్టరైతే సీటు బెల్టు పెట్టుకోవాలి. రోల్ బార్ లేని బండిలో బెల్టు వద్దు.

మొదటి రోజు అరెకరం మాత్రమే చేసి ఆపండి. అన్ని బోల్టులూ మళ్ళీ బిగించండి, వెల్డింగ్ అతుకుల మీద వెంట్రుక లాంటి గీతలేమైనా వచ్చాయేమో తడిగుడ్డతో తుడిచి చూడండి. కొత్త రేక్‌లో లోపం ఉంటే ఆ అరెకరంలోనే బయటపడుతుంది. అందుకే అప్పటిదాకా షాపువాళ్ళకు బాకీ మొత్తం ఇవ్వకుండా కొంత ఆపుకోండి.

కంప తీసిన తర్వాత

కుప్పల్లో మొదళ్ళు వంటచెరకుకు పోతాయి, కొమ్మలు కంచెకు పనికొస్తాయి. మిగిలింది గాలి లేని సాయంత్రం, పక్క చేలకు దూరంగా కాల్చేయాలి. వెంటనే ఒకసారి గొర్రు తోలండి.

ఆ వానాకాలం అంతా చేలో చిన్న చిల్లమొక్కలు మొలుస్తూనే ఉంటాయి. అవి మీరు వదిలేసిన వేర్లు కావు, ఏళ్ళుగా నేలలో పడి ఉన్న గింజలు. జానెడు ఎత్తులో ఉన్నప్పుడు నేల తడిగా ఉంటే చేత్తో పీకినా వచ్చేస్తాయి. దసరా దాకా ఆగితే తల్లివేరు దిగిపోయి మళ్ళీ గడ్డపార పట్టుకోవాలి. కొత్తగా బాగుచేసిన నేలకు ఎరువు కావాలని గొర్రెల మంద కట్టించాలనుకుంటే, చిల్లకాయలు రాలే నెలల్లో మాత్రం వద్దు. కాయలోని తీపి గొర్రెకు, గింజ మీ చేనుకు. గొర్రె కడుపులో నానిన గింజ మామూలు గింజ కంటే ముందే మొలుస్తుంది.